చిల్లర మైనం, రాణి గది

అక్కని ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన రోజున, ఆమె చెప్పులు కూడా విప్పకుండా నేరుగా వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళింది. పెరట్లో తేనెటీగల పెట్టెలు ఎలా ఉన్నాయో చూడాలట. ముఖం ఇంకా వాచే ఉంది. ఒక కన్ను సగమే తెరుచుకుంటోంది. ఆ సగం కన్నుతోనే కాసేపు చూసి, "మధ్య పెట్టె దగ్గర రద్దీ ఎక్కువైంది. తొందరగా తెరిచి చూడాలి," అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "తెరువు తల్లీ, తెరువు. ఈసారి ఆస్పత్రికి తిప్పే పని కూడా ఉండదు," అన్నాను.

జరిగింది ఒక్క ఈగ వల్ల. ముసుగు అంచు కిందనుంచి దూరి, మెడ మీద ఒక్కసారి కుట్టింది. ఎన్నో ఏళ్ళుగా కుట్టించుకుని, కుట్టిన చోట గోటితో ముల్లు గీకేసుకుని, తన పని తను చేసుకునే మనిషి ఆ ఒక్క కాటుకి ఊపిరాడక పెరట్లో కూలబడిపోయింది. ఒంటికి ఇక ఆ విషం పడదని, ఇంకొక్కటి కుడితే ఆస్పత్రి దాకా రాగలదని తాను మాటివ్వలేనని డాక్టరు చెప్పాడు. దగ్గర పెట్టుకోమని ఒక సూదిమందు ఇచ్చాడు. బావ దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. స్నానానికి వెళ్ళినా గుమ్మం దగ్గర చొక్కా కనబడేలా తగిలించి వెళ్ళేవాడు.

మా ఇల్లు వీధి నుంచి పెరటి దాకా ఒకే వరసలో ఉంటుంది. వీధి వైపు గది బావ గడియారాల మరమ్మతు దుకాణం. మధ్య గదిలో నా కుట్టుమిషను. దాని వెనక వంటిల్లు, అక్కడి నుంచి మెట్లు దిగితే పెరడు, ఆ పెరడు అక్కది. అందులో మూడు పెట్టెలు. మధ్యది ఆమె మొదటి పెట్టె. దాని రాణి తల్లుల్నీ, అమ్మమ్మల్నీ కూడా ఆమె ఎరుగును.

ఆ సాయంత్రమే బావ మాట కదిపాడు. మొక్కల తోట నడిపే ఆయనకి పెట్టెలు కావాలట, బండి కూడా ఆయనే పంపిస్తాడట.

"పంపించండి. బండిలో నాకూ కాస్త చోటుంచమనండి. అవి ఎక్కడికి వెళ్తే నేనూ అక్కడికే," అంది అక్క.

ఆమె అన్నంత పనీ చేసే రకం. బావ, "మరి వాటిని ఎవరు చూస్తారు?" అన్నాడు.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నాకు ఈగలంటే భయం," అన్నాను.

"భయం మంచిదే. చేతులు నెమ్మదిగా కదుల్తాయి," అంది అక్క. "నేను కిటికీలోంచి చెప్తుంటాను, నువ్వు చెయ్యి. చేతకాకపోతే మొహమాటపడకు, చెప్పెయ్. నేనే తెరుస్తాను."

ఆ చివరి మాటతో ఆ పూలకాలం అంతా నన్ను కట్టిపడేసింది. నాకు చేతకాకపోతే ఆమె పెరట్లోకి దిగుతుంది. దిగితే ఏమవుతుందో డాక్టరు చెప్పేశాడు. ఇంక నాకు చేతకాకపోవడానికి వీల్లేదు.

మర్నాటి నుంచి పాఠాలు మొదలయ్యాయి. అక్క భోజనాల బల్ల మీద, ఈగలు తుట్టె కట్టుకునే చెక్క చట్రం ఒకటి ఖాళీది పెట్టి నాకు వల్లె వేయించింది. పూలకాలంలో పెట్టె నిండిపోయి చోటు చాలకపోతే ఈగలు కొత్త రాణిని పెంచుతాయి. పాత రాణి సగం ఈగల్ని వెంటేసుకుని గుంపుగా లేచిపోతుంది.

"లేచిపోవడమా? ఈ వయసులో?" అన్నాడు బావ గడియారం విప్పుతూనే. అక్క ఆయన వైపు చూడను కూడా లేదు.

అలా లేవకుండా ఉండాలంటే వారం వారం పెట్టె తెరిచి ప్రతి చట్రమూ చూడాలి. కొత్త రాణిని పెంచే రాణి గది కడుతుంటే తుంచెయ్యాలి. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా ఏమిటంటే, ఈగలు మైనంతో ఊరుకోవు. సందు దొరికిన చోటల్లా ఏదో ఒకటి కట్టేస్తాయి. చట్రానికీ చట్రానికీ మధ్య వంతెనలు, మూతకి వేలాడే ముద్దలు, అంచుల మీద గుట్టలు. అక్క దాన్ని చిల్లర మైనం అనేది. అందులో తేనె ఉండొచ్చు, పోతుటీగల పిల్లలు ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు. ఉన్నా లేకపోయినా దానివల్ల ప్రమాదం లేదు.

"మరి రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది?"

"రాణి గది వేరుశనక్కాయలా ఉంటుంది. ఒంటి నిండా గుంటలు. మిగిలిన అరలన్నీ పక్కకి చూస్తాయి. నేలచూపులు చూసేది రాణి గది ఒక్కటే. ఎప్పుడూ కిందికే వేలాడుతుంది. మిగతాదంతా మర్చిపోయినా ఫర్వాలేదు, ఇదొక్కటీ గుర్తుపెట్టుకో."

గుర్తుపెట్టుకున్నాను. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

మొదటిసారి పెట్టె తెరిచే రోజు వచ్చింది. ఇంట్లో ముసుగున్న దుస్తులు ఒక్క జతే ఉన్నాయి, అవి అక్కవి. నాకు పొడుగు. చేతులు మడిచి టాకా వేసుకున్నాను. ఈగల్ని శాంతపరిచే పొగడబ్బా రెండు సార్లు ఆరిపోయింది. మూత ఎత్తగానే లోపలి నుంచి ఒక వెచ్చటి గాలీ, ఒక రొదా కలిసి పైకొచ్చాయి. ఆ రొద చెవుల్లోంచి కాక పళ్ళలోంచి వినబడుతున్నట్టు ఉంది. పైన కిటికీ వెనక అక్క కుర్చీలో కూర్చుని ఉంది. అద్దానికీ చెక్కకీ మధ్య సందులన్నిట్లో నేను గుడ్డపీలికలు కుక్కేశాను. మాటలు సరిగ్గా వినపడవు కాబట్టి గరిటెతో అద్దం మీద కొడుతుంది. ఒక్కసారి కొడితే వదిలెయ్యమని. రెండుసార్లు కొడితే తుంచెయ్యమని.

ఆ కిటికీతో ఒక ఇబ్బంది ఉంది. పెరడు వంటింటికంటే బాగా పల్లం. కిటికీ గట్టు నా నెత్తికి సమంగా వస్తుంది. పైగా అద్దం కింది సగం గరుకు పలక, అందులోంచి వెలుగు తప్ప ఏమీ కనపడదు. చట్రాన్ని ఎత్తి గట్టు మీద నిలబెడితే దాని పై అంచు మాత్రమే అక్కకి మంచి అద్దంలోంచి కనిపిస్తుంది. కింది అంచు గరుకు పలక వెనక్కి పోతుంది. తేనె నిండిన చట్రాన్ని తల మీద ఇంకా పైకెత్తి పట్టుకుని నిలబడటం నా వల్ల కాలేదు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. పై అంచు చూపించాక, చట్రాన్ని తలకిందులు చేసి మళ్ళీ గట్టు మీద నిలబెట్టేదాన్ని. అప్పుడు కింది అంచు పైకొచ్చి అక్క కళ్ళకి ఎదురుగా ఉండేది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అనుమానం వచ్చిన ముద్దల్ని మొదట్లో గీకి పళ్ళెంలో వేసి పట్టుకెళ్ళేదాన్ని. గుమ్మం బయట దులుపుకుని, ఒక్క ఈగ కూడా ఒంటి మీద లేదని బావ తలుపు సందులోంచి నన్ను గుండ్రంగా తిప్పించి చూశాకే లోపలికి రానిచ్చేవాడు. అక్క బల్ల దగ్గర కూర్చుని గుండుసూదితో ఒక్కో ముద్దా విప్పేది.

"చిల్లర. ఇదీ చిల్లరే. ఇది పోతుటీగ గది, ఉబ్బి ఉందని భయపడ్డావు. ఇందులో తేనె తప్ప ఏం లేదు, నాకెయ్." అంటూ నోట్లో వేసుకునేది. "తల్లీ, కనిపించినవన్నీ గీకుతూ పోతే వాటికి పనెక్కువ, నీకు పనెక్కువ. గీకే ముందు చూపించు. నేను చెప్తాను కదా."

అలాగే అన్నాను. ఆ తర్వాత నుంచి ఏదీ గీకలేదు, చూపించడమే. నాలుగు వారాలు కాబోలు అలా గడిచాయి. నాకు ధైర్యం వచ్చిందనను. పొగడబ్బా ఆరిపోకుండా చూసుకోవడం వచ్చింది, అంతే. పెట్టె తెరిచే రోజు పొద్దుట నాకు ముద్ద దిగేది కాదు. అక్క మాత్రం కిటికీ దగ్గర కుర్చీలో ఒళ్ళంతా కళ్ళు చేసుకుని కూర్చునేది. నా చెయ్యి ఎక్కడైనా తొందరపడితే గరిటె అద్దం మీద టపటపా మోగేది. ఒకసారి చట్రం నా చేతుల్లోంచి జారబోయింది. పైకి చూస్తే కుర్చీ ఖాళీ! పెరటి తలుపు అప్పటికే సగం తెరుచుకుని ఉంది. "ఏం లేదు, ఏం లేదు, పట్టుకున్నాను!" అని కేకేశాను. తలుపు మళ్ళీ మూసుకుంది.

ఆ తర్వాతి వారం మధ్య పెట్టెలో రెండు మూడు చట్రాల అడుగున ముద్దలు కనిపించాయి. ఈగలు వాటిని కప్పేసి ఉన్నాయి. ఎప్పటిలాగే తలకిందులు చేసి గట్టు మీద నిలబెట్టాను. అక్క ముఖం అద్దానికి ఆనించి చాలాసేపు చూసింది. గరిటె ఒక్కసారి మోగింది. వదిలెయ్యమని. నేను వదిలేశాను.

గుంపు లేచిన రోజు నేను మిషను మీద ఉన్నాను. ముందు మిషను చప్పుడే అనుకున్నాను. కాలు తీసినా చప్పుడు ఆగలేదు. వంటింటి కిటికీలోంచి చూస్తే పెరటి మీద ఆకాశం అంతా నల్లటి చుక్కలు, అడ్డదిడ్డంగా తిరుగుతూ, ఒకదానికొకటి తగలకుండా. అవి ఇంటి కప్పు మీదుగా వీధి వైపు తరలిపోయాయి. బావ దుకాణం ముందు ఒక పెద్ద గడియారం బొమ్మ వేలాడుతూ ఉంటుంది. వెళ్ళి వెళ్ళి దాని కింద పట్టాయి. నేను దుకాణంలోకి పరిగెత్తాను. కళ్ళముందే ముద్ద పెరిగిపోయి గుమ్మడికాయంత అయింది. వీధిలో జనం పోగయ్యారు. సైకిళ్ళ దుకాణం అతను కర్రకి గుడ్డ చుట్టి కిరసనాయిలు పోస్తున్నాడు.

"ఆగమను! కాల్చొద్దని చెప్పు!" అక్క కేక.

ఆమె వంటింట్లోంచి మధ్య గదిలోకి వచ్చేసింది. కాళ్ళకి చెప్పుల్లేవు, మెడ మీద కొంగు కూడా లేదు. నేను వెనక్కి వచ్చి, ఆ గదిలోంచి దుకాణంలోకి వచ్చే తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకో."

"తప్పుకోను."

"అది నా రాణి. కాల్చేస్తారు. తప్పుకోవే!"

చిన్నప్పటి నుంచి ఆమె తప్పుకోమంటే తప్పుకున్నదాన్నే. భుజం పట్టి తోసింది. అప్పుడు నేను ఒక్క అడుగు వెనక్కి వేసి, దుకాణంలోకి వచ్చి, తలుపు లాగి బయట గడియ పెట్టేశాను. మా అక్కని నేను గదిలో పెట్టి గడియ వేశాను. తలుపు మీద ఆమె రెండు చేతులూ పడుతుంటే ఆ దెబ్బలు నా వీపు మీద పడుతున్నట్టే ఉంది.

"పెరటి తలుపు!" అన్నాడు బావ.

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. పక్క సందులోంచి పెరట్లోకి దారి ఉంది. ఈగలున్న దిక్కున కాలు పెట్టని మనిషి, పెట్టెలు వచ్చిన నాటి నుంచి పెరట్లోకి దిగని మనిషి, ఆ సందులో పరిగెత్తాడు. వెళ్ళి పెరటి తలుపుకి వీపు ఆనించి మెట్ల మీద కూర్చున్నాడట, చుట్టూ ఈగలు తిరుగుతుంటే కళ్ళు మూసుకుని.

ముసుగు వంటింట్లో ఉండిపోయింది. తెచ్చుకోవాలంటే గడియ తీయాలి. తీయలేదు. దుకాణంలో గోడ గడియారం వచ్చిన అట్టపెట్టె ఒకటి ఉంటే తీసుకుని, స్టూలు వేసుకుని ఎక్కాను. సైకిళ్ళ దుకాణం అతన్ని దూరంగా ఉండమన్నాను. ఏ గొంతుతో అన్నానో కానీ అతను ఉన్నాడు. ఆ ముద్ద నా ముఖానికి జానెడు దూరంలో ఊపిరి తీస్తున్నట్టు కదులుతోంది. ఏం చెయ్యాలో నాకు ఎవరూ చెప్పలేదు.

తలుపు మీద దెబ్బలు ఆగిపోయాయి. లోపలి నుంచి అక్క గొంతు వచ్చింది. ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

"ఏదైనా ఖాళీ పెట్టె దాని కిందకి తీసుకురా. తగిలేంత దగ్గరగా. గుంపులో ఉన్నప్పుడు కుట్టవు, కడుపు నిండా తాగి ఉంటాయి. గడియారం బొమ్మని పట్టుకుని ఒక్క కుదుపు కుదుపు. ఒక్కటే. మెల్లిగా కాదు, గట్టిగా."

కుదిపాను. ముద్దంతా ఒక్కసారిగా పెట్టెలో పడింది. తడిబట్టల మూట పడినట్టు బరువుగా. మూత సగం వేసి కింద పెట్టాను. మిగిలిన ఈగలు వాటంతట అవే వరసకట్టి లోపలికి నడిచాయి. నన్ను రెండే కుట్టాయి, అది కూడా నేను చేతితో తోలబోయినందుకు.

గడియ తీశాక అక్క నాతో మాట్లాడలేదు. బావతోనూ మాట్లాడలేదు. ఆ పూట అన్నం వడ్డించి, తను తినకుండా లేచిపోయింది.

మర్నాడు మధ్య పెట్టె తెరిచాను. చట్రం పైకి లాగి చూశాను. అడుగు అంచున వరసగా వేరుశనక్కాయలు. ఒంటినిండా గుంటలు, నేలచూపులు. నేను ముందు వారం చూపించిన ముద్దలే, ఇప్పుడు పూర్తిగా పెరిగి మూతలు పడ్డాయి. ఒకటి తుంచి పళ్ళెంలో వేసి లోపలికి తీసుకెళ్ళాను.

అక్క దాన్ని చూసి తెల్లబోయింది. "ఇవి నాకెందుకు చూపించలేదు?"

"చూపించాను. నువ్వే వదిలెయ్యమన్నావు. ఒకసారి కొట్టావు."

"ఇవి కాదు. నువ్వు చూపించినవి అంచు మీద పైకి నిలబడి ఉన్నాయి. చట్రం నెత్తి మీద కట్టిన చిల్లర మైనం అది."

"నెత్తి మీద కాదక్కా, అడుగున. నీకు కనపడాలని తిరగేసి పెట్టాను."

"తిరగేసి?"

"తలకిందులుగా. ఎప్పుడూ అలాగే కదా చూపిస్తాను."

మిగతాదంతా మర్చిపోయినా ఇదొక్కటీ గుర్తుపెట్టుకో అని ఆమె చెప్పిన మాట ఇద్దరికీ గుర్తుంది. అవి నేలచూపులు చూడటం నాకు కనపడింది, చెప్పాల్సింది ఆమె కదా అని ఊరుకున్నాను. చెప్పాల్సిన ఆమెకి కనపడింది తలకిందుల బొమ్మ.

"అంటే ఇన్నాళ్ళూ మీ ఇద్దరూ కలిసి ఆకాశానికి వేలాడే రాణి కోసం వెతికారన్నమాట," అన్నాడు బావ. ఎవరికీ నవ్వు రాలేదు. కాసేపటికి ఆయనే లేచి వెళ్ళిపోయాడు.

పాత రాణి ఇప్పుడు అట్టపెట్టెలోంచి కొత్త పెట్టెలోకి మారింది. మధ్య పెట్టెకి రాణి లేదు. ఆ వేరుశనక్కాయల్లో బాగున్నది ఒక్కటి ఉంచి మిగిలినవి తుంచెయ్యమంది అక్క. కిటికీ దగ్గరికి వచ్చి కూర్చుంది కానీ గరిటె పట్టుకోలేదు. ఏది ఉంచాలో నేనే చూసుకున్నాను. పొడుగ్గా, గుంటలు లోతుగా ఉన్నది ఒకటి ఉంచాను. మిగిలినవి తుంచుతుంటే వేళ్ళకి పాలలాంటి చెమ్మ అంటింది.

ఇంక ఎదురుచూడటమే. ఆ గదిలోంచి రాణి పుట్టాలి. మంచి ఎండలో బయటికెగిరి పోతుటీగలతో జతకట్టి తిరిగి రావాలి. దారిలో ఏ పిట్టా దాన్ని ముక్కున కరుచుకోకూడదు. ఆ తర్వాత గుడ్లు పెట్టాలి. అప్పటిదాకా పెట్టె తెరవకూడదంది అక్క. సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది. రోజుల తరబడి ఎండ లేదు. ఈగలు గుమ్మంలో గుంపుగా నిలబడేవి కానీ ఎగిరేవి కావు. రాణి లేని పెట్టెకి కోపం ఎక్కువట. పక్క నుంచి నడిచినా మీదికొచ్చేవి. బట్టలు ఆరేయడం మానేశాను.

"గుడ్లు లేకపోతే?" అని అడిగాను ఒకరోజు.

"లేకపోతే దాన్ని వేరే పెట్టెతో కలిపెయ్యాలి. మధ్యలో కాగితం అడ్డం పెట్టి, వాసనలు కలిసేదాకా ఆగి, వాటి కోపం చూసుకుంటూ చెయ్యాలి. అది నీ వల్ల కాదు. నేనే చేస్తాను."

మామూలుగా, కూరలో ఉప్పు చూస్తాననే గొంతుతో అంది. ఆ మధ్యాహ్నం నేను బయటికెళ్ళి తిరిగొచ్చేసరికి నా మిషను మీద అక్క కూర్చుని ఉంది. ముసుగు అంచుకి రెండో వరస కుట్టు వేస్తోంది. "ఇక్కడే దూరింది. ఇంకో వరస వేస్తే చాలు, గాలి కూడా దూరదు," అంది తలెత్తకుండా. కుట్టు వంకర పోయింది. ఆమెకి కుట్టు రాదు. ఆ వంకర కుట్టు చూస్తే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఈమె నిజంగా దిగుతుంది. ఈ దారం మీద ప్రాణం పెట్టుకుని దిగుతుంది.

ఆమె వంటింట్లోకి వెళ్ళాక బావ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మరదలా, ఒక్క మాట. గుడ్లు ఉన్నా లేకపోయినా ఉన్నాయనే చెప్పెయ్."

"లేకపోతే ఆ పెట్టె చచ్చిపోతుంది బావా. ఆమెకి తెలిసిపోతుంది."

"చావనీ. తెలియనీ. తెలిసే నాటికి అన్నీ చచ్చి ఉంటాయి, తెరవాల్సిన పనుండదు."

నేను సరేనన్నాను. ఆలోచించకుండానే సరేనన్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగి ఉందని నాకు ఆ తర్వాత తట్టింది.

ఎండ కాసిన మొదటి రోజుల్లో కాదు, నాలుగు రోజులు వరసగా కాశాక తెరవమంది. నేను ముసుగు వేసుకున్నాను. మెడ దగ్గర ఆమె వేసిన వంకర కుట్టు గరుకుగా తగులుతోంది. మూత ఎత్తగానే రొద వినిపించింది. తేడా ఉందనిపించింది కానీ నా ఆశే అలా వినిపిస్తోందేమోనని నమ్మలేదు. మొదటి చట్రంలో తేనె. రెండోది ఖాళీ. మూడోదాంట్లో అరలన్నీ శుభ్రంగా, మెరిసేలా తుడిచి ఉన్నాయి, లోపల ఏమీ లేదు. ఏం చెప్పాలో మనసులో సర్దుకోవడం మొదలుపెట్టాను. ఉన్నాయక్కా, చాలా ఉన్నాయి. నవ్వుతూ చెప్పాలి. ముసుగులో నవ్వు కనపడదు కాబట్టి గొంతులో నవ్వాలి.

నాలుగో చట్రం తీసి, ఎండ నా భుజం మీదుగా అరల్లోకి పడేలా వంచాను. ఏళ్ళ తరబడి సూదిలోకి దారం ఎక్కించిన కళ్ళు నావి. అర అడుగున తెల్లగా ఒక పోగు. దారం కొస కత్తిరిస్తే పడే తుంపులాగా, నిటారుగా నిలబడి ఉంది. పక్క అరలో ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి.

"ఉన్నాయక్కా! గుడ్లు ఉన్నాయి!" కిటికీ వైపు అరిచాను. గరిటె మోగలేదు. తలెత్తి చూశాను. అద్దం వెనక ఎవరూ లేరు.

"అరవకు. రేగుతాయి," అంది అక్క.

నా వెనకే ఉంది. భుజం పక్కనే. ఇంట్లో కట్టుకునే పాత చీర, ఉత్త చేతులు, ఉత్త మెడ. ముసుగు నా నెత్తి మీద ఉంది. సూదిమందు బావ జేబులో ఉంది, బావ వీధి వైపు ఎవరికో గడియారం చూపిస్తున్నాడు. నా చేతుల్లో చట్రం, దాని నిండా ఈగలు. కింద పెట్టాలంటే వంగాలి, వంగితే ఆమెకి తగుల్తాను. వదిలేస్తే అన్నీ ఒక్కసారిగా లేస్తాయి.

"అక్కా, వెళ్ళు," అన్నాను. నా పెదాలు కదిలాయో లేదో తెలీదు. "ఉన్నాయని చెప్పాను కదా. ఒట్టు. నిజంగా ఉన్నాయి."

"లేకపోయినా అదే చెప్తావు నువ్వు. నా కోసం చెప్తావు. అందుకే నేను చూడాలి."

నిజమే చెప్పాను, కానీ అబద్ధం చెప్పడానికి సిద్ధమై వచ్చిన నోటితో చెప్పాను. నమ్మకపోవడం ఆమె తప్పు కాదు.

ఒక ఈగ చట్రం మీంచి లేచి ఆమె జబ్బ మీద వాలింది. అక్కడి నుంచి నడుచుకుంటూ భుజం మీదికి, మెడ మీదికి వెళ్ళింది. పోయినసారి కుట్టిన చోటికి దగ్గర్లో ఆగింది. అక్క దాన్ని లెక్కచేయలేదు. దాన్ని ఎరగనట్టే మెడ వంచి అరల్లోకి చూస్తోంది. "కాస్త ఎండకి వంచు," అంది. వంచాను.

చాలాసేపు చూసింది. ఎంతసేపో నేను చెప్పలేను. ఆ ఈగ ముందుకాళ్ళతో మొహం తుడుచుకుంది, అటు తిరిగింది, ఇటు తిరిగింది.

"ఒక్కో అరలో ఒక్కోటే పెట్టింది. సరిగ్గా మధ్యలో," అంది అక్క. "మంచి రాణి. నువ్వు ఉంచిందే కదా?"

"ఊఁ."

ఈగ ఎగిరిపోయింది.

ఆమె తిరగలేదు. నాకు నేర్పినట్టే, ముఖం పెట్టె వైపే ఉంచి, చేతులు ఒంటికి ఆనించుకుని, ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ మెట్ల దాకా వెళ్ళింది. తలుపు మూసిన చప్పుడు విన్నాను. నేను ఆ చట్రాన్ని ఒక్క ఈగ కూడా నలగకుండా పెట్టెలోకి దించి, మూత వేసి, మూత మీద రాయి పెట్టి, అప్పుడు ఏడ్చాను. ముసుగు వేసుకుని ఏడిస్తే కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఉండదు.

అక్క మళ్ళీ పెరట్లోకి రాలేదు. నన్ను చూపించమని కూడా అడగలేదు. నేను పెట్టెలు చూసి వచ్చి ఏం చెప్తే అది నమ్మేది. ఆ నమ్మకానికి నేను మొదట్లో మురిసిపోయాను, తర్వాత్తర్వాత భయపడ్డాను. బావ ఒకటి రెండుసార్లు కళ్ళతో సైగ చేశాడు కూడా, ఎందుకొచ్చిన గొడవ, బాగున్నాయని చెప్పెయ్ అని. నాకు నోరు రాలేదు. చలికాలంలో గోడవార పెట్టె చచ్చిపోయినప్పుడు గుమ్మంలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. అడుగున ఈగలు దోసెళ్ళకొద్దీ పడి ఉన్నాయని, రాణి కూడా వాటిలోనే ఉందని చెప్పాను. అక్క చేస్తున్న పని ఆపి విన్నది. కళ్ళు నిండాయి. అయినా లేచి రాలేదు. కూర్చున్న చోటే కూర్చుని, "మిగిలిన మూడూ?" అని అడిగింది.